తాతయ్య చిట్టా, మెకంజీ కైఫియత్తులు: మన నోట్స్ ఎక్కడ దాచుకోవాలి?

పోయిన ఎపిసోడ్ కింద మీలో ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, నోట్స్ రాసుకోడానికి ఏ యాప్ మంచిది?" బీటెక్ చేశాను, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను కాబట్టి జవాబు నా జేబులో ఉంటుందనుకుంటారు. నిజం చెప్పాలంటే ఈ విషయంలో నేను గట్టి దెబ్బ తిన్నవాణ్ణి. ముందు ఆ సంగతి చెప్తాను. తర్వాత రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్దాం. ఎందుకంటే ఈ ప్రశ్నకి నాకు జవాబు దొరికింది యాప్ స్టోర్‌లో కాదు, మన కృష్ణా గుంటూరు జిల్లాల చరిత్రలో.

మా అమ్మమ్మ పుట్టిల్లు అవనిగడ్డ దాటాక సముద్రం వైపు ఒక పల్లె. తాతయ్యకి చల్లపల్లిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. 1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన. పది వేలమందికి పైగా పోయారు. మా వైపు పెద్దవాళ్లకి ఇప్పటికీ కాలం రెండు ముక్కలు, ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత. లాక్‌డౌన్‌లో నేను విజయవాడలో ఇంటి నుంచే పని చేస్తున్నప్పుడు అమ్మమ్మ మా దగ్గరే ఉంది. రోజూ సాయంత్రం టీ తాగుతూ ఆ రోజుల గురించి చెప్పేది. ఎవరి ఇల్లు ఎక్కడుండేది, ఎవరు ఏ చెట్టు పట్టుకుని బతికారు, ఎవరు దొరకలేదు. నేను ఫోన్‌లో ఒక నోట్స్ యాప్ తీసి టైప్ చేసుకునేవాణ్ణి. దాదాపు నలభై నోట్స్ అయ్యాయి. ట్యాగులు పెట్టాను, రంగులు వేశాను, చూడ్డానికి భలే ఉండేది.

తర్వాత రెండేళ్లకి అమ్మమ్మ పోయింది. కొన్నాళ్లకి ఆ యాప్ కూడా పోయింది. "ఫలానా తేదీ లోపు మీ డేటా డౌన్‌లోడ్ చేసుకోండి" అని వాళ్లు మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ నా కాలేజీ రోజుల ఐడీకి వెళ్లింది. నేను చూసేసరికి తేదీ దాటి ఐదు నెలలు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మమ్మ వస్తువులు సర్దుతుంటే ట్రంకు పెట్టెలో తాతయ్య కొట్టు లెక్కల పుస్తకాలు దొరికాయి. ఒకటి చిట్టా, ఇంకోటి ఆవర్జా. మీలో చాలామందికి ఈ మాటలు కొత్త కావచ్చు. చిట్టా అంటే ఏ రోజు లావాదేవీ ఆ రోజు, జరిగిన వరసలో రాసుకునే పుస్తకం. ఆవర్జా అంటే ఆ చిట్టాలోంచి ఒక్కొక్కరి ఖాతా కింద విడదీసి ఎక్కించే పుస్తకం. ఈ రోజు పెద్ద పెద్ద యూట్యూబర్లు "ముందు ఇన్‌బాక్స్‌లో వేయండి, తర్వాత ఫోల్డర్లలో సర్దండి" అని చెప్తారే, చల్లపల్లిలో పప్పులు అమ్ముకునే మా తాతయ్య రోజూ రాత్రి చేసే పని అదే.

1977 నవంబర్ పేజీలు తిప్పాను. 18వ తేదీ దాకా మామూలుగానే ఉంది. కందిపప్పు, బెల్లం, అగ్గిపెట్టెలు. తర్వాత కొన్ని రోజులు పేజీ ఖాళీ. మళ్లీ మొదలైన రోజు మొదటి పద్దు కిరసనాయిలు. ఆవర్జాలో చూస్తే పదకొండు పేర్ల దగ్గర బాకీ కొట్టేసి, పక్కన ఒకే మాట రాసి ఉంది. "రద్దు."

రద్దు అంటే ఏమిటండీ? ఆ మనిషి ఉప్పెనలో పోయాడనా? లేక మనిషి బతికే ఉన్నాడు, ఇల్లూ వాకిలీ పోయాయి కాబట్టి తాతయ్య బాకీ వదిలేశాడనా? ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. అమ్మమ్మకి తెలుసు. నాకు చెప్పింది కూడా, ఒక్కో పేరూ విడివిడిగా. నేను టైప్ చేశాను. అది ఆ యాప్‌తోపాటే పోయింది.

అంటే నలభై ఏళ్లు దాటిన కాగితం మిగిలింది గానీ దాని అర్థం మిగల్లేదు. అర్థం రాసుకున్న చోటు మూడేళ్లు కూడా నిలవలేదు. ఈ రెండు రకాల నష్టాలూ మన ప్రాంతానికి కొత్త కావు. చాలా పెద్ద ఎత్తున జరిగాయి.

ఒకప్పుడు ప్రతి ఊరికీ కరణం ఉండేవాడు. ఊరి భూమి లెక్క, శిస్తు, ఇనాములు, గుడి మాన్యాలు, పొలిమేరలు, ఊరిని ఎవరు ఎప్పుడు ఏలారు, అన్నీ కరణం ఇంట్లో తాటాకు కట్టల్లో ఉండేవి. వాటిని కవిలెలు అంటారు. ఆకు మీద ఘంటంతో గీసి, మసి రుద్దితే అక్షరాలు కనిపిస్తాయి. ఆకులకి చిల్లు పెట్టి దారం ఎక్కిస్తారు, పైనా కిందా చెక్క పలకలు పెట్టి కట్టేస్తారు. దారం తెగితే ఆకులు కలగాపులగం. అందుకే ఆకులకి అంకెలు వేసేవాళ్లు. కొండవీటి రెడ్డి రాజుల చరిత్ర రాసినవాళ్లకి కొండవీటి దండకవిలె పెద్ద ఆధారం అయిందంటే ఇలాంటి లెక్కల వల్లే.

కానీ తాటాకుకి ఒక జబ్బు ఉంది. పురుగు పడుతుంది, తేమకి పాడవుతుంది. డెల్టాలో గాలి ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా, జూన్‌లో పాపడం బయట పెడితే సాయంత్రానికి మెత్తబడిపోతుంది. కాబట్టి పాత ఆకు శిథిలమయ్యేలోపు ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకు మీదకి ఎక్కించాలి. ఎక్కించినంత కాలం బతుకుతుంది. ఒక్క తరం బద్ధకిస్తే అంతే. మన భాషలో చెప్పాలంటే వాళ్లకి బ్యాకప్ అంటే మళ్లీ చేత్తో రాయడమే.

ఇక్కడికి ఒక స్కాట్లండ్ మనిషి వస్తాడు. కాలిన్ మెకంజీ. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉద్యోగిగా మద్రాసు చేరాడు. తర్వాత 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఈయనకి ఊళ్ల చరిత్రలు సేకరించాలని పిచ్చి. చిక్కేంటంటే మన భాషలు రావు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు.

ఆ లోటు తీర్చింది ఏలూరు కుర్రాళ్లు. కావలి సోదరులు. 1796లో కావలి వెంకట బొర్రయ్య మెకంజీ దగ్గర చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్ల చుట్టుపక్కల వయసు. నాలుగైదు భాషలు తెలుసు, పాత శాసనాలు చదవడం పట్టు పట్టి నేర్చుకున్నాడు. ఏ ఊళ్లో ఎవరిని అడగాలి, ఎలా అడిగితే చెప్తారు అనే తెలివి ఆయనది. 1803లో, ఇంకా ఇరవైల్లోనే, చనిపోయాడు. తర్వాత ఆ పని తమ్ముడు లక్ష్మయ్య భుజాల మీద పడింది. ఇంకో తమ్ముడు వెంకట రామస్వామి 1829లో దక్కన్ కవుల జీవితాల మీద ఇంగ్లిష్‌లో పుస్తకం వేశాడు. ఒక ఇంటి నుంచి ముగ్గురు, అందరూ రాతపని మీదే.

వీళ్ల పద్ధతి ఎలా ఉండేదంటే, మనుషుల్ని ఊరూరికీ పంపేవాళ్లు. ఏమేం అడగాలో ముందే రాసిచ్చేవాళ్లు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, ఏ రాజు కాలంలో ఎవరి చేతిలో ఉంది, శాసనాలు ఎక్కడున్నాయి. కరణం దగ్గర కవిలె ఉంటే దానికి నకలు రాసేవాళ్లు. లేకపోతే పెద్దల్ని కూర్చోబెట్టి అడిగి రాసేవాళ్లు. అలా తయారైనవే కైఫియత్తులు. కైఫియత్ అంటే సంగతి, వివరం అని. అయితే అన్ని చోట్లా తేలిగ్గా జరగలేదు. కంపెనీ వాళ్లు వచ్చి భూముల లెక్క అడుగుతున్నారంటే శిస్తు పెంచడానికేనని జనం అనుమానపడేవారు. ఆ అనుమానం పూర్తిగా తప్పని మనం కూడా అనలేం. ఈ సమాచారం పాలించేవాళ్లకి పనికొచ్చేదే కదా.

అమరావతి సంగతి కూడా చెప్పాలి. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చాడు. కొత్త ఊరికి రాళ్లు కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే దిబ్బ ఉంది, తవ్వితే చెక్కిన పాలరాళ్లు బయటపడ్డాయి. అది బౌద్ధ స్తూపం అని అప్పుడు ఎవరికీ తెలియదు. మెకంజీ ఆ దశాబ్దం చివర్లో వచ్చి చూశాడు, 1816లో మళ్లీ మనుషులతో వచ్చి బొమ్మలు గీయించడం మొదలుపెట్టాడు. ఆ మధ్యలో ఎన్నో రాళ్లు కట్టడాల్లోకి, సున్నం బట్టీల్లోకి పోయాయి. ఆ రోజు గీసిన బొమ్మల్లో కొన్నిటికి ఇప్పుడు అసలు రాయి లేదు, కాగితం మీద బొమ్మే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. నోట్ అంటే ఒక్కోసారి ఆ వస్తువు గురించి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం.

1821లో మెకంజీ కలకత్తాలో చనిపోయాడు. ఆయన భార్య దగ్గర నుంచి ఈ సేకరణని కంపెనీ లక్ష రూపాయలకి కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ అనే పండితుడు 1828లో జాబితా అచ్చు వేశాడు. 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు. ఇవి కాక స్థానిక చరిత్రలు రెండు వేల పైచిలుకు. ఒక ఫోన్‌లో రెండు వేల స్క్రీన్‌షాట్లు ఉంటేనే మనం వెతుక్కోలేక చస్తాం కదా.

మరి ఇంత సరంజామాలో ఏది ఎక్కడుందో, ఏ ఊళ్లో ఎవరు చెప్పారో, ఏది నమ్మదగిందో తెలిసిన మనిషి ఎవరు? లక్ష్మయ్య. పాతికేళ్లు అందులోనే మునిగినవాడు. ఈ పని నేను ముందుకు తీసుకెళ్తాను, అవకాశం ఇవ్వండి అని 1830ల్లో అడిగాడు. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ వాళ్లు కుదరదన్నారు. ఇంత పెద్ద పనికి నాయకత్వం వహించే స్థాయి ఒక దేశీయుడికి లేదని వాళ్ల అభిప్రాయం. పని విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్లింది. సేకరణ ముక్కలైంది. కొంత లండన్, కొంత మద్రాసు. లక్ష్మయ్య బుర్రలో ఉన్నదానికి నకలు మాత్రం ఎవరూ తీయలేదు.

నాకు ఇది చదివినప్పుడు తాతయ్య ఆవర్జా గుర్తొచ్చింది. పుస్తకం ఉంది, చెప్పే మనిషి లేదు. ఫైల్ ఉండటం వేరు, దాని సందర్భం ఉండటం వేరు.

ఇక రెండో సంగతి. ఆ కైఫియత్తులు మద్రాసులో ఉంటే ఏమైందో తెలుసా? కాగితాలు కూడా పాడవడం మొదలైంది. వాటిని పట్టించుకున్నది మనకి బాగా తెలిసిన మనిషి, సి.పి. బ్రౌన్. మచిలీపట్నంలో, రాజమండ్రిలో, కడపలో ఉద్యోగం చేశాడు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాల్లోని తెలుగు కావ్యాలని కాగితం మీదకి ఎక్కించి, పాఠాలు పోల్చి సరిచేయించాడు. అదే చేత్తో మెకంజీ తెలుగు కైఫియత్తులకి కూడా కొత్త నకళ్లు రాయించాడు. ఈ రోజు తెలుగు కైఫియత్తులు మనం చదవగలుగుతున్నామంటే చాలా వరకు ఆ నకళ్ల పుణ్యమే. మన కాలంలో కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తుల్ని అచ్చు వేసింది.

వరస చూడండి. తాటాకు నుంచి కాగితం, ఆ కాగితం నుంచి ఇంకో కాగితం, అక్కడి నుంచి అచ్చు, అచ్చు నుంచి ఇప్పుడు స్కాన్. ఐదు ఫార్మాట్లు. ఏ ఒక్క ఫార్మాటూ శాశ్వతం కాదు. సరైన సమయానికి దూకడం కుదిరింది కాబట్టి బతికింది. దూకనివి పోయాయి. కరణాల ఇళ్లల్లో అటకల మీద ఉన్న అసలు కవిలెలు ఎన్ని చెదలకి పోయాయో లెక్కే లేదు. 1984లో కరణాల వ్యవస్థే రద్దయింది. అప్పటికి మిగిలిన కట్టలు ఆ ఇళ్లల్లో ఎవరికీ పట్టని పాత సామాను అయిపోయాయి.

ఇది పాత కథ అనుకోకండి. విజయవాడ తెలుగు పుస్తకాలకి పెద్ద కేంద్రం. ఇక్కడ ఏ డీటీపీ సెంటర్‌కైనా వెళ్లి పాత ఫైల్ ఒకటి అడగండి. అను ఫాంట్లలో చేసిన ఫైల్ ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. తెలుగుకి యూనికోడ్‌లో 1991 నుంచే చోటు ఉంది. అయినా తర్వాత చాలా ఏళ్ల పాటు మన పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు వేరే ఫాంట్ల కోడ్‌లోనే తయారయ్యాయి. వాటిని మార్చుకున్నవాళ్లకి మిగిలాయి. మార్చుకోనివాళ్ల దగ్గర ఫైల్ ఉంటుంది, సెర్చ్ చేస్తే అక్షరం దొరకదు.

మూడో సంగతి చిన్నగా చెప్తాను. ఆ యాప్ దెబ్బ తిన్నాక నేను ఒక నెల రోజులు "పర్ఫెక్ట్ సిస్టమ్" తయారు చేసే పనిలో పడ్డాను. జర్మనీ ప్రొఫెసర్ నిక్లాస్ లూమన్ 90 వేల చీటీలతో నోట్స్ పెట్టుకున్నాడని చూసి, నేనూ టెంప్లేట్లు, లింకులు, డాష్‌బోర్డులు మొదలుపెట్టాను. నెలాఖరుకి సిస్టమ్ రెడీ, నోట్స్ మూడు.

అప్పుడు గుర్తొచ్చినవాడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1877లో మన పెనుగంచిప్రోలులో పుట్టాడు. తెలుగులో ప్రపంచ విజ్ఞానమంతా అక్షర క్రమంలో ఉండాలని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టాడు. మహాద్భుతమైన పని. మూడు సంపుటాలు వచ్చాయి, ‘అ’తో మొదలయ్యే అంశాల దగ్గరే ఉండగా 1923లో ఆయన పోయాడు. తర్వాత ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దాన్ని అందుకున్నాడు. అదే లక్ష్మణరావు 1906లో మిత్రులతో కలిసి మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి మాత్రం ఒక్కో పుస్తకం చొప్పున బయటకి తెచ్చింది, ఒక తరం చదివింది. సర్వస్వం వద్దని కాదు. అంత పని తలకెత్తుకునే మనిషి నూరేళ్లకి ఒకడు పుడతాడు. మనలాంటివాళ్లకి రోజుకొక చిన్న నోట్ పూర్తవడమే ముఖ్యం. చిట్టా రాసే అలవాటు ఉంటే ఆవర్జా ఎప్పుడైనా ఎక్కించుకోవచ్చు. చిట్టా లేకుండా ఆవర్జా ఎంత అందంగా గీసుకున్నా ఖాళీ గళ్లే.

సరే, మరి ఏ యాప్? ఇప్పుడు నా జవాబు. యాప్ పేరు మీ ఇష్టం. పెట్టాల్సిన పరీక్షలు రెండే.

మొదటిది బ్రౌన్ పరీక్ష. నా నోట్స్ ఇందులోంచి బయటకి వస్తాయా? యాడ్ చూసి నమ్మొద్దు. ఈ ఆదివారం కూర్చుని మీ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కండి. వచ్చిన ఫైల్‌ని వేరే యాప్‌లో తెరవండి. తెలుగు అక్షరాలు సరిగ్గా వచ్చాయా, ఫొటోలు వచ్చాయా, తేదీలు ఉన్నాయా చూడండి. సాదా టెక్స్ట్ గానీ, 2004లో వచ్చిన మార్క్‌డౌన్ గానీ అయితే ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. ఎక్స్‌పోర్ట్ బటనే లేకపోతే, అది ఎంత అందంగా ఉన్నా అందులో ముఖ్యమైనవి పెట్టకండి. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికి ఒకసారి, దసరాకి ఒకసారి, నకలు తీసి వేరే చోట పెట్టండి. అలాగే మీ అకౌంట్ ఏ మెయిల్ మీద ఉందో ఇప్పుడే చూసుకోండి. నేను పోగొట్టుకున్నది అక్కడే.

రెండోది లక్ష్మయ్య పరీక్ష. నేను పక్కన లేకపోతే ఈ నోట్ ఇంకొకరికి అర్థమవుతుందా? ప్రతి నోట్ కింద ఒక్క లైను చాలు. ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ. వాయిస్ రికార్డింగ్ అయితే ఫైల్ పేరులోనే మనిషి పేరు, తేదీ పెట్టండి. "రికార్డింగ్ 27" అని వదిలేస్తే అది రేపటి "రద్దు".

మా ఆవర్జా ఇప్పుడు ఎక్కడుందంటే, పేజీలన్నీ ఫొటో తీసి, పక్కన టెక్స్ట్ ఫైల్ పెట్టాను. మా అమ్మనీ, చల్లపల్లిలో ఉన్న పిన్నినీ కూర్చోబెట్టి ఆ పదకొండు పేర్లూ చదివాను. నాలుగు పేర్లు పోల్చారు. ముగ్గురు ఉప్పెనలో పోయారు, ఒకాయన బతికి ఊరొదిలి వెళ్లాడు. ఆ వివరం ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాశాను. మిగతా ఏడు పేర్ల దగ్గర "తెలియదు, అమ్మమ్మకి తెలుసు" అని రాసి పెట్టాను. అది కూడా ఒక వివరమే కదా.

మీ ఇంట్లో ఇంకా చెప్పేవాళ్లు ఉంటే, యాప్ ఏదని వారం రోజులు రివ్యూలు చూడకండి. ఈ రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చుని ఒక్క విషయం అడగండి. చేతిలో ఏముంటే అందులో రాయండి. తర్వాత ఎక్స్‌పోర్ట్ సంగతి చూసుకుందాం. ఏం అడిగారో, ఏం చెప్పారో కామెంట్లో రాయండి, నేను అన్నీ చదువుతాను. ఉంటానండీ, నమస్తే.